డ్రిప్పు సబ్సిడీ: బోరు కొలత నుంచి ఆఖరి సంతకం దాకా

"అన్నా, డ్రిప్పుకి సబ్సిడీ ఎంతొస్తుంది?" వారానికి నలుగురైదుగురు అడిగే ప్రశ్న ఇది. నేను తిరిగి అడిగేదీ ఒకటే: మీ బోరు గంటకి ఎన్ని లీటర్లు పోస్తుంది? "రెండించులు పోస్తుందన్నా" అంటారు. రెండించులు పైపు కొలత. నీళ్ల కొలత కాదు. ఆ ఒక్క లెక్క తెలియకుండా దరఖాస్తు పెట్టి, చివరి సాళ్లకి నీళ్లందక, ఏడాది తిరక్కముందే పైపులు చుట్టి గట్టున పడేసినవాళ్లు మా చుట్టుపక్కల ఊళ్లలోనే బోలెడుమంది.

ఇంకో సంగతి ముందే చెప్పేస్తాను. సబ్సిడీ డబ్బు మీ ఖాతాలో పడదు. మీ వాటా మీరు కడతారు, మిగతాది ప్రభుత్వం కంపెనీకి చెల్లిస్తుంది. పొలంలో అన్నీ బిగించారు, నీళ్లు సరిగ్గా వస్తున్నాయి అని మీరు సంతకం పెట్టాకే ఆ చెల్లింపు కదులుతుంది. కాబట్టి సంతకం పెట్టేదాకా కంపెనీ మనిషి మీ ఫోను ఎత్తుతాడు. పెట్టాక సంగతి చెప్పలేం. కింద రాసినదంతా ఆ సంతకం దగ్గరికి తొందరపడకుండా చేరడం గురించే.

ఎవరికి ఎంత

కేంద్రం 'ప్రతి చుక్కకు మరింత పంట' పథకం కింద సన్న, చిన్నకారు రైతులకు 55 శాతం, మిగతా రైతులకు 45 శాతం అని లెక్క కట్టింది. దాని మీద రాష్ట్రాలు తమ వంతు కలుపుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఐదెకరాల లోపు ఎస్సీ, ఎస్టీ రైతులకు 100 శాతం, మిగతా సన్న, చిన్నకారు రైతులకు 90 శాతం. ఐదెకరాలు దాటితే లెక్క మారుతుంది. అందులోనూ కోస్తా జిల్లాలకో లెక్క, రాయలసీమ, ప్రకాశం జిల్లాలకో లెక్క. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీలకు 100, బీసీలకూ సన్న, చిన్నకారు రైతులకూ 90, మిగిలినవాళ్లకు 80 శాతం. రెండున్నర ఎకరాల లోపైతే సన్నకారు, ఐదెకరాల లోపైతే చిన్నకారు.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. ఈ శాతం కంపెనీ బిల్లు మీద కాదు, ప్రభుత్వం ఖరారు చేసిన యూనిట్ ధర (ఇంత విస్తీర్ణానికి ఇంత అని కట్టిన ధర) మీద. బోరు పొలానికి దూరంగా ఉండి మెయిన్ పైపు ఎక్కువ పట్టినా, మీరు ఖరీదైన ఫిల్టరు కావాలన్నా, పైన పడేది మీ జేబులోంచే. "నూరు శాతం అన్నారు కదా, మళ్లీ డబ్బులెందుకు" అనే గొడవ సగం ఇక్కడిదే.

దగ్గర పెట్టుకోవాల్సినవి

పట్టాదారు పాసుపుస్తకం, 1బి (ఎవరి పేరిట ఎంత భూమి ఉందో చూపే రికార్డు) నకలు, ఆధార్, అదే పేరుతో ఉన్న బ్యాంకు పాసుపుస్తకం, ఫొటోలు, ఎస్సీ, ఎస్టీలైతే కుల ధ్రువపత్రం, బోరుకి కరెంటు సర్వీసు నంబరు. ఆధార్‌కి లింకైన ఫోను మీ దగ్గరే ఉండాలి, ఓటీపీలు దానికే వస్తాయి. కొడుకు బెంగళూరులో ఉండి ఆ నంబరు వాడి దగ్గరుంటే ముందు ఆ సంగతి చూసుకోండి. వీటితోపాటు 200 లీటర్ల డ్రమ్ము ఒకటి, సెకన్లు చూపించే ఫోను, వంద మీటర్ల టేపు. ఈ మూడూ ఏ దరఖాస్తులోనూ అడగరు. కానీ అసలు పని వాటితోనే.

1. బోరు కొలవండి

మే నెలలో కొలవండి. వానలు పడ్డాక కొలిస్తే బోరు మిమ్మల్ని మోసం చేస్తుంది. మోటారు వేసి కనీసం గంట నడవనివ్వండి. మొదట ఉరికి వచ్చేవి బోరులో నిలవున్న నీళ్లు, ఊట కాదు. గంటయ్యాక డ్రమ్ము పెట్టి అంచుదాకా నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. మూడుసార్లు చేసి సగటు తీయండి.

లెక్క తేలికే. 7,20,000ని ఆ సెకన్లతో భాగిస్తే గంటకి ఎన్ని లీటర్లో వస్తుంది. 60 సెకన్లకి నిండితే గంటకి 12,000 లీటర్లు. 90 సెకన్లయితే 8,000. మూడు నిమిషాలు పడితే 4,000.

ఇందులోంచి ఐదో వంతు తీసేయండి. మీరు కొలిచింది తెరిచిన పైపు దగ్గర. రేపు అవే నీళ్లు ఫిల్టరు దాటి, పైపులన్నీ నింపి, ఒత్తిడితో డ్రిప్పరు (మొక్క దగ్గర చుక్కచుక్కగా నీళ్లు వదిలేది) లోంచి రావాలి. 12,000 పోసే బోరుని 9,600 అనుకుని లెక్కేసుకోవాలి.

ఇప్పుడు టమోటా ఎకరా తీసుకుందాం. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. సాలుకి సాలుకి 1.2 మీటర్లు వదిలితే దాదాపు 3,370 మీటర్ల లాటరల్ పైపు (సాళ్ల వెంట పరిచే సన్న పైపు) పడుతుంది. 40 సెంటీమీటర్లకో డ్రిప్పరు అంటే 8,430 డ్రిప్పర్లు. ఒక్కోటి గంటకి 4 లీటర్లు ఇచ్చేదైతే ఎకరం మొత్తం ఒకేసారి తడపడానికి గంటకి 33,700 లీటర్లు కావాలి. మన బోరు ఇచ్చేది 9,600. అంటే ఎకరాన్ని నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగానికి ఒక్కో గేటు వాల్వు పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి తిప్పుకోవాలి. "ఒకే వాల్వుతో అయిపోతుంది సార్" అని సర్వేకి వచ్చిన కుర్రాడు చెప్తే ఈ లెక్క అతని ముందు పెట్టండి.

నాలుగు భాగాలకూ గంట గంట చొప్పున తిప్పితే 33,700 లీటర్లు, ఎకరం మీద 8 మిల్లీమీటర్ల వాన పడ్డట్టు. నాలుగు గంటల్లో అయిపోతుంది. ఆంధ్రలో పగలొచ్చే తొమ్మిది గంటల కరెంటులో ఇంకా సగం మిగిలే ఉంటుంది.

బోరు 4,000 లీటర్లే పోస్తే? అంతటితో నిరాశపడక్కర్లేదు, పంట మార్చి చూడండి. చీని (బత్తాయి) తోట 6 మీటర్లకో చెట్టు చొప్పున ఎకరాకి 112 చెట్లు. చెట్టుకి 8 లీటర్ల డ్రిప్పర్లు నాలుగు పెట్టినా గంటకి 3,600 లీటర్ల లోపే. బోరు పోసే 4,000లో ఐదో వంతు తీసేసే లెక్క కూడా మరవకండి, అది 3,200 దగ్గర ఆగుతుంది కాబట్టి తోటని రెండు భాగాలు చెయ్యాలి. కూరగాయలే వేస్తానంటే 4 లీటర్లకి బదులు 2 లీటర్ల డ్రిప్పరున్న పైపు అడగండి, భాగాల సంఖ్య సగానికి తగ్గుతుంది.

2. నీళ్ల పరీక్ష, ఫిల్టరు ఎంపిక

ఒక లీటరు సీసాని అవే బోరు నీళ్లతో మూడుసార్లు కడిగి, నింపి, భూసార పరీక్ష కేంద్రంలో ఇవ్వండి. పీహెచ్ (పులుపు, క్షార గుణం), ఈసీ (ఉప్పుల మోతాదు), కార్బొనేట్లు, ఇనుము చూడమనండి. అనంతపురం, కడప వైపు బోర్లలో చాలావాటికి సున్నం గుణం ఎక్కువ. తొట్టి అంచున తెల్లటి పొర కడుతుందంటే, డ్రిప్పరు రంధ్రంలోనూ అదే కడుతుందని గుర్తు.

ఫిల్టరు సంగతి మాత్రం కంపెనీ ఇష్టానికి వదలొద్దు. బోరులో ఇసుక వస్తే ఇసుకని తిప్పి కిందికి దించే హైడ్రోసైక్లోన్ కావాలి. దాని తర్వాతే జల్లెడలా వడకట్టే స్క్రీన్ ఫిల్టరు. బావి, కాలువ, సేద్యపు కుంట నీళ్లయితే పాచి ఉంటుంది. దానికి ఇసుక పొరల గుండా వడకట్టే శాండ్ ఫిల్టరు లేకుండా పని జరగదు. శుభ్రమైన బోరుకి స్క్రీన్ గానీ డిస్క్ ఫిల్టరు గానీ చాలు. కుంట నీళ్లకి ఒట్టి స్క్రీన్ ఫిల్టరు పెట్టించుకుని రోజుకి ఆరుసార్లు విప్పి కడుక్కుంటున్న ఒకాయన నాకు తెలుసు. ఆయన ఇప్పుడు డ్రిప్పు పేరెత్తితేనే మండిపడతాడు.

3. కాగితాలు సరిచేసుకోండి

దరఖాస్తులు ఎక్కువగా ఆగేది ఇక్కడే. చూసుకోవాల్సినవి ఇవి:

పాసుపుస్తకంలో ఉన్న పేరే ఆధార్‌లో ఉండాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉన్నా కొన్నిసార్లు వెనక్కి వస్తుంది.

పొలం ఎవరి పేరిట ఉంటే వాళ్లే దరఖాస్తుదారు. నాన్న పేరిట ఉన్న భూమికి కొడుకు, భార్య పేరిట ఉన్న భూమికి భర్త పెట్టకూడదు. నాన్న పోయుంటే ముందు మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు). తెలంగాణలో అయితే విరాసతు (వారసుల పేరిట మార్పు) చేయించుకుని భూభారతి రికార్డులో పేరు ఎక్కాకే రావాలి.

ఆంధ్రలో రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబరు స్థానంలో ఎల్పీఎం (ల్యాండ్ పార్శిల్ మ్యాప్) నంబరు వచ్చింది. కరెంటు సర్వీసు పాత నంబరు మీద, 1బి కొత్త నంబరు మీద ఉంటే తనిఖీలో ప్రశ్న వస్తుంది. మీభూమి వెబ్‌సైటులో తాజా 1బి తీసి, విస్తీర్ణం సరిగ్గా పడిందో లేదో చూసుకోండి. పది సెంట్లు తేడా ఉన్నా ముందే సరిచేయించుకోవడం మంచిది.

కౌలు రైతులు నన్ను తిట్టుకోకండి, నిబంధన అలా ఉంది. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం కౌలు భూమికి కనీసం ఏడేళ్ల ఒప్పందం చూపించాలి. ఏడాది కౌలు కూడా కాగితం మీద రాయని మన ఊళ్లలో ఏడేళ్ల ఒప్పందం ఎవరు రాసిస్తారు? భూ యజమానే తన పేరిట పెట్టుకోవడానికి ఒప్పుకుంటే అదొక దారి. కానీ అప్పుడు పైపులు ఆయనవే అవుతాయి. మీ వాటా ఎంత, మీరు కౌలు వదిలితే దాని సంగతేంటి అనేది ముందే పెద్దమనుషుల ముందు మాట్లాడుకోండి.

4. దరఖాస్తు

ఆంధ్రప్రదేశ్‌లో మీ ఊరి రైతు సేవా కేంద్రంలో, ఉద్యాన సహాయకుల దగ్గర నమోదు చేయించుకోవాలి. తెలంగాణలో మీ మండలం చూసే ఉద్యాన అధికారిని కలిసి, మీసేవలో పెట్టించుకోండి. నమోదు కాగానే వచ్చే ఐడీ నంబరు గోడ మీద అయినా సరే రాసి పెట్టుకోండి. ఏ ప్రశ్నకైనా వాళ్లు మొదట అడిగేది అదే.

ఏడేళ్ల లోపు అదే భూమి మీద ఒకసారి సబ్సిడీ తీసుకుని ఉంటే రెండోసారి రాదు. మీరు తీసుకోలేదు, పొలం అమ్మినాయన తీసుకున్నాడు అనుకోండి, అప్పుడూ రాదు. లెక్క భూమికి. ఈమధ్య కొన్న పొలమైతే సర్వే నంబరు మీద పాత రికార్డు ఉందేమో రైతు సేవా కేంద్రంలోనే అడిగేయండి.

హెచ్చరిక ఒకటి, పెద్ద అక్షరాల్లో ఉందనుకోండి. "మీ వాటా కూడా మేమే కట్టేస్తాం, ఆధార్, పాసుపుస్తకం ఇవ్వండి చాలు" అని ఊళ్లోకి వచ్చేవాళ్లని గడప కూడా తొక్కనివ్వకండి. మీ పేరిట సామాను తీస్తారు, సగం దించుతారు, ఫొటో తీసి వెళ్లిపోతారు. మిగతా సగం ఎక్కడికి పోతుందో మీకు తెలియదు గానీ, ఏడేళ్ల గడువు మాత్రం మీ భూమి మీద మొదలైపోతుంది.

5. సర్వేకి వచ్చినవాళ్లతో నడవండి

కంపెనీని ఎంచుకునే హక్కు మీదే. ఏ కంపెనీ గొప్పదని అడక్కండి. మీ మండలంలో ఏ కంపెనీకి విడిభాగాలమ్మే దుకాణం ఉంది, రెండేళ్ల కిందట పెట్టించుకున్నవాళ్లలో ఎంతమంది ఇంకా వాడుతున్నారు అని అడగండి. ఆ రెంటికీ జవాబు టీ అంగడి దగ్గరే దొరుకుతుంది.

సర్వే రోజున పనులన్నీ మానుకుని పొలంలో ఉండండి. గట్టు మీద నిలబడి ఫొటో తీసి "అయిపోయింది" అంటే ఒప్పుకోకండి. టేపు పట్టుకుని నాలుగు గట్లూ నడవాలి. ఎత్తుపల్లాలు చూపించండి. వాన పడితే నీళ్లు ఎటు పారతాయో మీకు తెలుసు, అతనికి తెలియదు. సబ్ మెయిన్ (మెయిన్ పైపు నీళ్లని లాటరల్స్‌కి పంచే పైపు) ఎత్తు వైపు వచ్చేలా గీయించండి. మీరు రాసుకున్న బోరు లెక్క కాగితం ఇచ్చి, డిజైన్‌లో ఆ అంకె రాశాడో లేదో చూడండి. చాలా డిజైన్లలో మోటారు హార్స్‌పవర్ చూసి అంచనాగా ఒక అంకె వేసేస్తారు. ఐదు హార్స్‌పవర్ మోటారు ఉన్నంత మాత్రాన ఐదు హార్స్‌పవర్ నీళ్లు రావు కదా.

6. ఎస్టిమేటు చదవండి, వాటా కట్టండి

ఎస్టిమేటులో చూడాల్సినవి నాలుగే: లాటరల్ పైపు ఎన్ని మీటర్లు, డ్రిప్పరు ఎన్ని లీటర్లది, ఫిల్టరు ఏ రకం, వాల్వులు ఎన్ని. మన టమోటా ఎకరంలో 3,370 మీటర్లు రావాలి. 4,200 అని ఉంటే ఎందుకని అడగండి. 2,800 అని ఉంటే ఇంకా గట్టిగా అడగండి. డ్రిప్పు సామాను మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పాత పన్నుతో కాగితం చూపిస్తే మార్పించండి.

మీ వాటా ఎవరి చేతికీ నగదుగా ఇవ్వొద్దు. కార్యాలయం చెప్పిన ఖాతాకే డీడీ రూపంలో గానీ ఆన్‌లైన్‌లో గానీ కట్టి, రసీదు దాచుకోండి. కట్టకముందే సామాను దించేస్తామంటే కూడా తొందరపడకండి. మంజూరు పత్రం రాకుండా దించిన సామానుకి రేపు సబ్సిడీ రాకపోతే మొత్తం డబ్బు మిమ్మల్నే అడుగుతారు.

7. సామాను దిగిన రోజు

లారీ వచ్చిన రోజు పెళ్లికి పోవాల్సి ఉన్నా ఆగండి. చలానా కాగితం (దించిన సామాను జాబితా) తీసుకుని ఒక్కొక్కటీ సరిచూడండి. పైపు చుట్ట మీద ఎన్ని మీటర్లో రాసి ఉంటుంది. చుట్టలు లెక్కపెట్టి గుణించండి. ఐఎస్ఐ గుర్తు, దాని పక్కన ఐఎస్ నంబరు పైపు పొడవునా అచ్చయి ఉండాలి. డ్రిప్పరు లోపలే ఉన్న ఇన్‌లైన్ పైపుకి ఐఎస్ 13488, డ్రిప్పరు లేని లాటరల్‌కి ఐఎస్ 12786, పీవీసీ పైపుకి ఐఎస్ 4985, స్క్రీన్ ఫిల్టరుకి ఐఎస్ 12785. ఈ నాలుగు అంకెలూ ఫోనులో రాసి పెట్టుకోండి. గుర్తు లేని చుట్ట ఒక్కటున్నా దాన్ని పక్కన పెట్టించి, చలానా మీద ఆ మాట రాయించి, అప్పుడు సంతకం చేయండి. చలానా సంతకం వేరు, ఆఖరి సంతకం వేరు. కొందరు రెండింటినీ ఒకే రోజు పెట్టించుకుంటారు. పెట్టొద్దు.

8. బిగింపు

మెయిన్, సబ్ మెయిన్ పైపులు రెండడుగుల లోతున పోవాలి. మా చిన్నాయన పొలంలో జానెడు లోతున పూడ్చిపోయారు. మడక తగిలి ఒకే దుక్కిలో మూడు చోట్ల పగిలింది. అప్పటికే ఆయన సంతకం అయిపోయింది. కాలువ తవ్వడం రైతు పని అని కంపెనీవాళ్లు చెప్తే, ఆ కూలి మీరే పెట్టుకుని అయినా లోతు మాత్రం తగ్గనివ్వకండి. పైపు వేశాక పూడ్చకముందు ఒకసారి నీళ్లు వదిలి జాయింట్లు కారుతున్నాయేమో చూడండి. పూడ్చాక చూడలేరు.

సబ్ మెయిన్‌కి రంధ్రాలు వేసేటప్పుడు ప్లాస్టిక్ పొట్టు లోపల పడుతుంది. పైపుల్లో మట్టి కూడా ఉంటుంది. అందుకే క్రమం ఇది: ముందు సబ్ మెయిన్ చివర ఫ్లష్ వాల్వు తెరిచి నీళ్లు తేటపడేదాకా వదలాలి. తర్వాత లాటరల్స్ తగిలించి, వాటి చివర్లు తెరిచే ఉంచి మళ్లీ వదలాలి. ఆ తర్వాతే ఎండ్ క్యాపులు (లాటరల్ చివరి మూతలు). బిగించే కుర్రాళ్లు సాయంత్రం బస్సు పట్టుకోవాలి కాబట్టి ఈ మూడూ ఒకటే చేసేస్తారు. మొదటి నెలలోనే పూడిపోయిన డ్రిప్పర్లు విప్పి చూడండి, నీళ్లలోని సున్నం కాదు, ఆ రోజటి ప్లాస్టిక్ పొట్టే కనిపిస్తుంది.

ఫిల్టరుకి ముందొకటి, వెనకొకటి ప్రెషర్ గేజీలు ఉండాలి. అవి లేకపోతే డ్రిప్పు ఎలా నడుస్తుందో మీకు తెలిసే దారి లేదు.

9. సీసాతో పరీక్ష

సంతకానికి ముందు చేయాల్సిన పని ఇదే, దీనికి రెండు గంటలు పడుతుంది.

ఒక భాగం వాల్వు తెరిచి పావుగంట నడపండి. ఆ భాగంలో నాలుగు లాటరల్స్ ఎంచుకోండి: మొదటిది, మూడో వంతు దగ్గరది, మూడింట రెండొంతుల దగ్గరది, ఆఖరుది. ఒక్కో లాటరల్ మీద కూడా అలాగే నాలుగు చోట్లు. మొత్తం పదహారు డ్రిప్పర్లు. ఒక్కోదాని కింద సరిగ్గా మూడు నిమిషాలు సీసా పెట్టి, వచ్చిన నీళ్లు కొలవండి.

గంటకి 4 లీటర్ల డ్రిప్పరు మూడు నిమిషాల్లో 200 మిల్లీలీటర్లు ఇవ్వాలి. 2 లీటర్లదైతే 100. పిల్లల మందు కొలిచే గ్లాసో, పురుగుమందు కొలిచే జాడీయో చాలు. (మా ఊళ్లో ఏ కొలతా దొరక్కపోయినా క్వార్టరు సీసా దొరుకుతుంది. అది 180 మిల్లీలీటర్లు. 4 లీటర్ల డ్రిప్పరు కింద రెండు నిమిషాల నలభై సెకన్లకి కాస్త అటూ ఇటూగా నిండాలి.)

పదహారు అంకెలూ కాగితం మీద రాసి సగటు తీయండి. వాటిలో అన్నిటికన్నా తక్కువ వచ్చిన నాలుగింటికి విడిగా సగటు తీయండి. రెండోదాన్ని మొదటిదానితో భాగించి వందతో గుణించండి. మొత్తం సగటు 195, తక్కువ నాలుగింటి సగటు 178 వచ్చిందనుకోండి, 91 శాతం. 90 దాటితే బాగా బిగించినట్టే. 80 నుంచి 90 మధ్య ఉంటే ఎక్కడ తేడా ఉందో చూపించి సరిచేయించండి. 80 లోపైతే సంతకం పెట్టకండి.

ఎక్కడ తక్కువొస్తుందో చూస్తే రోగమేమిటో తెలుస్తుంది. లాటరల్ మొదట్లో బాగుండి చివర్లో తగ్గితే లాటరల్ పొడవు ఎక్కువైంది, లేదా ఒత్తిడి చాలడం లేదు. ఆఖరి లాటరల్స్ అన్నీ తక్కువైతే సబ్ మెయిన్ సన్నదైంది, లేదా ఒక్కో వాల్వు కింద ఎక్కువ విస్తీర్ణం పెట్టారు. అక్కడొకటి ఇక్కడొకటి చొప్పున తగ్గితే పూడిక. అన్నీ సమానంగా తక్కువైతే బోరు చాలడం లేదు. అది కంపెనీ తప్పు కాదు, మొదటి మెట్టు దాటేసిన మన తప్పు.

10. సంతకం, ఫొటో

తనిఖీకి అధికారి వచ్చి, పొలంలో మిమ్మల్ని నిలబెట్టి ఫొటో తీస్తారు. ఆ ఫొటోలో పొలం స్థానం కూడా నమోదవుతుంది. మోటారు నడుస్తుండగా, మీ పదహారు అంకెల కాగితం చూపించి మాట్లాడండి. అంకెలు చూపించిన రైతుతో మాట తీరే వేరుగా ఉంటుంది, ఇది నా అనుభవం. కుదరని వస్తువు ఏదైనా ఉంటే తనిఖీ కాగితం మీదే రాయించండి. సర్వీసు గడువు ఎంతవరకో, ఫోను నంబరు ఎవరిదో కూడా దాని మీదే రాయించుకుని నకలు తీసుకోండి.

మొదటి ఏడాది

రోజూ ఫిల్టరు గేజీలు చూడండి. రెండింటి మధ్య ఒత్తిడి తేడా అర కిలో (చదరపు సెంటీమీటరుకి) దాటితే ఫిల్టరు కడగాలి. పదిహేను రోజులకోసారి ఎండ్ క్యాపులు తీసి లాటరల్స్ చివర్ల నుంచి నీళ్లు వదిలేయండి. సున్నం నీళ్లయితే పంటకోసారైనా యాసిడ్ ట్రీట్‌మెంట్ కావాలి. పైపులోని నీళ్ల పీహెచ్ 4 దగ్గరికి వచ్చేలా హైడ్రోక్లోరిక్ యాసిడ్ కలిపి పంపి, ఒక రోజు అలాగే ఉంచి, మర్నాడు చివర్లు తెరిచి కడిగేయాలి. మొదటిసారి తెలిసినవాళ్లని పక్కన పెట్టుకుని చేయండి. నీళ్లలో యాసిడ్ పొయ్యాలి, యాసిడ్‌లో నీళ్లు పొయ్యకూడదు. చేతికి తొడుగులు, కళ్లకి అద్దాలు లేకుండా ముట్టుకోవద్దు. పాచికి వాడే బ్లీచింగ్ పౌడరుని యాసిడ్‌తో కలిపితే విషవాయువు పుడుతుంది, రెండూ ఒకే రోజు వాడకండి.

డీఏపీని రాత్రంతా నానబెట్టి, గుడ్డతో వడకట్టి వెంచురిలో (ఎరువు నీళ్లని పైపులోకి లాగే పరికరం) పంపే అలవాటు మనవాళ్లకి బాగా ఉంది. మానేయండి. కరగని భాగం డ్రిప్పర్లలోకే పోతుంది. నీళ్లలో పూర్తిగా కరిగే ఎరువులే వాడాలి. కాల్షియం నైట్రేటుని ఫాస్ఫేటు, సల్ఫేటు ఎరువులతో ఒకే తొట్టిలో కలపకూడదు. కలిపితే తొట్టి అడుగునే ముద్ద కడుతుంది. ఎరువు పంపాక ఆఖరి పావుగంట ఒట్టి నీళ్లు నడపండి.

పంట అయిపోగానే లాటరల్స్ చుట్టి నీడలో పెట్టండి. పొలంలో వదిలేస్తే ఎలుకలు, ఉడుతలు వాటి పని అవి చేసుకుంటాయి.

ఇంకొకటి ఉంది, ఇది నిబంధనల్లో లేదు. డ్రిప్పు పెట్టిన రెండో ఏడాది చాలామంది "నీళ్లు మిగులుతున్నాయి కదా" అని ఇంకో ఎకరా కలుపుతారు. మోటారు మళ్లీ తొమ్మిది గంటలూ నడుస్తుంది. బోరు ముందులాగే దిగిపోతుంది, ఈసారి రెండెకరాల పంటతో కలిపి. సబ్సిడీ ఇచ్చింది నీళ్లు మిగలడానికి. మిగిలినవి బోరులోనే ఉండనిస్తే వచ్చే మే నెలలో డ్రమ్ము అవే సెకన్లకి నిండుతుంది. పోయిన ఏడాది కొలత పక్కనే ఈ ఏడాది కొలత రాసి చూసుకోండి.

ఇప్పటికే సంతకం పెట్టేశామంటారా

అయినా సీసా పరీక్ష చేయండి. పదహారు అంకెలు, ఫొటోలు, ఎస్టిమేటు నకలు, చలానా కలిపి జిల్లాలో సూక్ష్మ నీటిపారుదల చూసే అధికారికి అర్జీ రాయండి. "డ్రిప్పు పని చేయడం లేదు" అని రాస్తే కంపెనీకి ఫోను చేసి ఊరుకుంటారు. "మూడో వాల్వు కింద ఆఖరి లాటరల్‌లో 200 రావాల్సినచోట 110 వస్తోంది, ఎస్టిమేటులో శాండ్ ఫిల్టరు ఉంది, పొలంలో స్క్రీన్ ఫిల్టరు ఉంది" అని రాస్తే మనిషిని పంపక తప్పదు. పదిహేను రోజుల్లో కదలిక లేకపోతే అదే అర్జీ నకలు పట్టుకుని సోమవారం కలెక్టరేటుకి వెళ్లండి. ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక, తెలంగాణలో ప్రజావాణి. అర్జీ ఇచ్చాక నంబరు వేసిన రసీదు చేతికి వచ్చేదాకా అక్కణ్నుంచి కదలకండి.